ఫొటో మావయ్య సముద్రం

పాత కంప్యూటర్ ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళండని విశాఖపట్నంలో ఒక కొట్టువాళ్ళు బోర్డు పెడితే, నేనూ నా పాతదాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. కొట్టు వెనక గదిలో పాత డబ్బాలు సంతలో పనసకాయల్లా గుట్టగా పడి ఉన్నాయి. కౌంటరు దగ్గరి పెద్దమనిషి నాదాన్ని అందుకోబోతూ, లోపల ఏమున్నా ఫార్మాట్ కొట్టేస్తాం మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్ళండి అన్నాడు. ఎంతో దయగా అన్నాడు పాపం. ఇంకొకరైతే నిశ్చింతగానే వెళ్ళిపోయేవారు. నేను మాత్రం డబ్బాని రెండు చేతులతో పొదివి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే నా చెవి పక్కన ఎవరో "ఉండు, ఇంకా రాలేదు" అన్నట్టయింది.

ఆ మాట అరకులో ఫొటో స్టూడియో ఆయనది. లోయలో పిల్లలందరూ ఆయన్ని ఫొటో మావయ్య అనేవారు. ఆయన పేరు నాకు తెలియక కాదు. ఎవరి ఆనవాలూ ఇంకొకరి చేతికి పోనివ్వకూడదని జీవితమంతా కొట్టుకున్న మనిషి పేరు, ఆయన పోయాక నేను కాగితం మీద పెడితే బాగుండదు.

నేను గోదావరి వైపు దాన్ని. తొంభైల్లో అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చి కొండెక్కాను. మొదటి చలికాలమంతా నాకు కలలోలాగే గడిచింది. పొద్దున్నే కిటికీ తీస్తే ఊరు ఉండేది కాదు, మంచు ఉండేది. ఆ మంచులోంచి ముందు ఒక కోడి అరిచేది, తర్వాత రైలు కూసేది, ఆ తర్వాత ఎప్పటికో ఒక చెట్టు, ఒక రేకుల కప్పు, ఒక మనిషి వరసగా తేలేవారు. ఆ వరసలో రైలుగేటు పక్కన తేలే రేకుల గదే ఆయన స్టూడియో. దాని గుమ్మంలో తేలే కోతిటోపీ ఆయనది. మైదానంలోంచి కొండకొచ్చి ఏళ్ళు గడిచినా ఆయనకు చలి అలవాటు కాలేదు. మే నెలలో కూడా ఆ టోపీ, మోచేతుల దగ్గర పోగులు లేచిన గోధుమరంగు స్వెట్టరూ ఉండాల్సిందే. ఇంత చలి పడని వారు కింద ఉండక ఇక్కడికెందుకొచ్చారని నేను ఎగతాళి చేస్తే, కింద ఉక్కపోస్తాదమ్మా అనేవాడు.

స్టూడియోలో గోడకు ఒక సముద్రం ఉండేది. విజయనగరంలో ఎవరో పెయింటర్ చేత గుడ్డమీద వేయించాడు. ఆ పెయింటర్ సముద్రాన్ని ఎన్నడైనా చూశాడో లేదో చెప్పలేను. అలలు దున్నిన చాళ్ళలా ఉండేవి. ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు, ఎవరూ ఎక్కని ఒక పడవ. కింద ఊళ్ళవాళ్ళు కొండలు చూద్దామని రైలెక్కి వచ్చి గేటు దగ్గర ఫొటోలు దిగుతుంటే, కొండవాళ్ళు లోపలికొచ్చి సముద్రం ముందు నిలబడేవారు. ఎవరి మోజు వారిది. చిక్కల్లా ఒకటే. తలుపు తీసినప్పుడల్లా గాలికి ఆ గుడ్డ లేచి సముద్రం మనిషి మెడ దాకా వచ్చేది. కింది అంచుకు రాళ్ళు కట్టి చూశాడు గానీ, అవి ముడిలో నిలవక జారిపోయేవి.

పదో తరగతి పిల్లల హాల్‌టికెట్ ఫొటోలకు ఏటా నేనే వాళ్ళని తీసుకెళ్ళేదాన్ని. తడి కాళ్ళతో, నూనె కారే జడలతో వరసగా బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఆయన ఒక్కొక్కరినే స్టూలు మీద కూర్చోబెట్టి కెమెరా వెనక్కి వెళ్ళేవాడు. చూసేవాడు. బయటికొచ్చి మళ్ళీ చూసేవాడు. "ఉండు గుంటా, ఇంకా రాలేదు" అనేవాడు. మొదటి ఏడాది నాకు ఒళ్ళు మండింది. బడికి వెళ్ళి వంట చూసుకోవాలి, పిల్లలకి ఆకలి. ఎవరు రావాలండీ, పిల్ల ఎదురుగానే ఉంది కదా అన్నాను.

"పిల్లొచ్చిందమ్మా. మొకం ఇంకా దార్లో ఉంది" అన్నాడు.

అని, తీరిగ్గా ఆ పిల్లతో కబుర్లలో పడ్డాడు. మీ ఊరి పక్కన పారే గెడ్డ పేరేటి, జడెవరు వేసారు, మీ ఇంట్లో మేకపిల్లకి పేరుందా లేదా అని. ఆ పిల్ల ముందు నేలచూపులు చూసింది, తర్వాత మేకపిల్ల పేరు చెప్పింది, చెబుతూ చెబుతూ తల ఎత్తింది. "ఒచ్చీసింది" అని మీట నొక్కేశాడు. ఆ ఫొటోలు వచ్చాక చూశాను. పరీక్షల ఆఫీసులో గుమస్తా అరక్షణం కూడా చూడని ఆ బుల్లి ఫొటోల్లో, నా పిల్లలు ఎవరికి వారు అచ్చంగా వాళ్ళే ఉన్నారు. నవ్వమని ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. నిద్రపోయేవాళ్ళనీ వెనక్కి తిరిగినవాళ్ళనీ ఫొటో తీసేవాడు కాదు. వాళ్ళకి తెలియకుండా తీసుకోవడం అవుతుందట.

రైలు వెళ్ళేటప్పుడు రేకుల గది మొత్తం గజగజలాడేది. అప్పుడు ఆయన మాట మధ్యలో ఆపి, బెదిరిన ఆవును పట్టుకున్నట్టు కెమెరా స్టాండు మెడమీద చెయ్యేసి నిలబడేవాడు. రైలు దాటాక, ఆపిన అక్షరం దగ్గర్నుంచి మాట అందుకునేవాడు. అరకు తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కనబడేది ఆ నిలబడ్డం.

ఆ రోజుల్లో ఫిల్మ్ కదా, ఫొటోతో పాటు నెగటివ్ కూడా కాగితం కవర్లో పెట్టి ఇచ్చేసేవాడు. ఎవరైనా మరిచిపోయి వెళ్తే, సంతరోజున చొక్కా జేబులో ఆ కవర్లు వేసుకుని, అల్లం గుట్టల మధ్య, పిప్పళ్ళ బస్తాల మధ్య, చీపురుకట్టల మధ్య వాళ్ళని వెతుక్కుంటూ తిరిగేవాడు. కొండవాళ్ళకి ఫొటో తీస్తే ప్రాణం పోతుందని భయమంటూ మైదానంలో ఇప్పటికీ కథలు చెబుతారు. నేను చూసింది వేరు. వాళ్ళు ఇంకో కాపీ ఇమ్మని పేచీ పెట్టేవాళ్ళు. ఆయన వెతికి వెతికి చేతికిచ్చిన నెగటివ్‌ని ఒకావిడ నవ్వుతూ కొప్పులో దోపుకుంది. భయమంతా ఈయనదే.

ఎందుకింత చాదస్తమని ఒకసారి అడిగాను. "బొమ్మ ఇచ్చీసి మనిసిని నాకాడ ఉంచీసుకుంటే ఎలాగమ్మా" అన్నాడు. ఇంకాస్త కదిపితే, కుర్రతనంలో ఆయన పనిచేసిన స్టూడియో యజమాని, పెళ్ళి కుదిరిన ఒక అమ్మాయి నెగటివ్‌ని ఎవరో అడిగితే ఇచ్చేశాడని చెప్పాడు. ఆ పెళ్ళి ఏమైంది అన్నాను. ఆయన స్టాండు కాళ్ళు ఒకటొకటిగా మడిచి మూలన పెట్టి, టీ తాగుతారా అని అడిగాడు. నేనిక ఆ మాట ఎత్తలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఫిల్మ్ రోజులు చల్లబడ్డాయి. ఆయన కూడా ఒక డిజిటల్ కెమెరా, ఒక కంప్యూటర్ కొన్నాడు. దాన్ని బొంతలో చుట్టి, రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాడు. సొరంగాలు వచ్చినప్పుడల్లా దానిమీద చెయ్యి వేశానని నాతో సిగ్గుపడుతూ చెప్పాడు. నెలరోజులు చంటిపిల్ల పుట్టిన ఇల్లులా ఉంది స్టూడియో. ఫొటో తీసిన మరుక్షణం తెరమీద మొహం కనబడుతుంటే, లోయలో సగంమంది ఊరికే చూడ్డానికి వచ్చి కూర్చునేవారు. ఆ తర్వాత ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆయన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పంతులమ్మా, మరి నెగటివ్ ఏదీ అన్నాడు. లోపలే ఉంటుందండీ అన్నాను. అందరివీనా అన్నాడు. అందరివీ అన్నాను. ఆ రోజు ఇక ఆయన ఎవరికీ ఫొటో తీయలేదు.

కంప్యూటర్ బిగించిన మనిషి మళ్ళీ వచ్చినప్పుడు, చెరిపేసే బటన్ చూపించి వెళ్ళాడట. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నాకూ అంతకు మించి తెలియదు. అప్పట్నుంచి ఫొటో చేతికిచ్చాక తెరని వాళ్ళవైపు తిప్పి, సూసుకోండి, పంపించీస్తన్నాను అని చెప్పి మరీ బటన్ నొక్కేవాడు. "ఎల్లొచ్చీమ్మా" అనేవాడు తెరతో. మా పిల్లలకి అదో వేడుక. తెరమీద తమ మొహం మాయమవుతుంటే చెయ్యూపేవాళ్ళు. ఒక్కో పొద్దున తలుపు సందులోంచి మంచు లోపలికొచ్చి నేలమీద కాళ్ళ చుట్టూ తిరుగుతుండేది. సముద్రం మెల్లగా కదిలేది. ఆ పిల్లలు తమకి తామే వీడ్కోలు చెప్పుకునేవాళ్ళు. నేను బెంచీ మీద కూర్చుని, వంటకి ఆలస్యమవుతోందన్న సంగతే మరిచిపోయేదాన్ని.

ఆ పిల్లల్లో సొనాయి ఒకతె. పెదబయలు అవతల ఏదో కొండ కొనకొమ్మున వాళ్ళ ఊరు. తల్లీతండ్రీ లేరు, ముసలి నాయనమ్మ ఉంది. మేనమామ ఈ పిల్లని ఒక కూలీల మేస్త్రీకి ఒప్పజెబుతానని మాటిచ్చేశాడు. ఆ మేస్త్రీ ఆడపిల్లల్ని కింద సముద్రపు ఒడ్డున రొయ్యల షెడ్డుల్లో పనికని తీసుకెళ్ళేవాడు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. నాయనమ్మ పిల్లని వెంటబెట్టుకుని కొండలు దిగి మా బడికొచ్చి, నా చేతిలో దాని చెయ్యి పెట్టి వెళ్ళింది. పదోతరగతి అయ్యాక దూరంగా ఒక ఊళ్ళో నర్సు చదువుకి పంపాం. ఏ ఊరన్నది నాకూ, నాయనమ్మకీ, ఫొటో మావయ్యకీ తప్ప తెలియదు. ఆయనకెలా తెలుసంటే, ఆ దరఖాస్తు ఆయన కంప్యూటర్లోనే తయారైంది. పిల్ల ఫొటో, కాలేజీ పేరు, హాస్టల్ చిరునామా, అన్నీ. పని కాగానే అన్నీ చెరిపేసి, దానికి మాత్రం కాస్త గట్టిగా "ఎల్లొచ్చీమ్మా" చెప్పాడు.

మేస్త్రీ స్టూడియోకి వచ్చాడు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, మర్యాదైన మాట. పిల్ల మా చుట్టమే, ఇంట్లో బెంగ పెట్టుకున్నారు, ఒక ఫొటో ఇస్తే వెతికిస్తాం అన్నాడట. ఫొటో మావయ్య నా దగ్గర ఎవరి ఫొటోలూ ఉండవు బాబూ అన్నాడు. అబద్ధం ఆడవలసిన అవసరం లేనందుకు సంతోషపడుతూ ఆ సంగతి నాకు చెప్పాడు. ఆయన నమ్మకం అది.

ఆ వేసవి చివర తొలివానకి పిడుగు పడి కంప్యూటర్ ఆగిపోయింది. కింద ఊళ్ళో కొట్టు నుంచి మెకానిక్ వచ్చాడు. మాటకారి, చురుకైనవాడు. మేమిద్దరం చూస్తుండగా ఏదో ముక్క మార్చి దాన్ని మేలుకొలిపి, ఎంతోకాలం నిలవదండీ, మాకిచ్చేసి కొత్తది తీసుకోండి అన్నాడు. కొట్టుకి తీసుకెళ్ళేముందు మీకు కావలసిన ఫొటోలుంటే తీసిస్తానన్నాడు. ఏమీ లేవు, అందర్నీ పంపించీసేను అన్నాడు ఫొటో మావయ్య. మెకానిక్ నవ్వాడు. చెరిపినవి ఎక్కడికి పోతాయండీ అని, చెరిపినవాటిని వెతికి తెచ్చే సీడీ ఒకటి అందులో పెట్టాడు.

అప్పుడు వాళ్ళు రావడం మొదలుపెట్టారు. ముందు ఒక మొహం, తర్వాత ఒక వరస, తర్వాత తెర నిండా. జడల్లో నూనె ఆరనివాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు, రేషను కార్డుకని భార్య పక్కన బిర్రబిగుసుకుని కూర్చున్న మగవాళ్ళు, ఈలోపు చనిపోయిన ముసలివాళ్ళు. అందరి వెనకా అదే సముద్రం, అదే ఖాళీ పడవ. బయట వాన మొదలై గదంతా మసకబారింది. ఆ వెలుగులో వాళ్ళందరూ మావైపే చూస్తున్నారు, అచ్చం వచ్చేసిన మొహాలతో. మధ్యలో సొనాయి వచ్చింది. దాని కిందే హాస్టల్ చిరునామా ఉన్న కాగితం.

ఫొటో మావయ్య కోతిటోపీ తీశాడు. ఆయన తల చూడడం నాకదే మొదలు. "పంపించీసేననుకున్నాను పంతులమ్మా" అన్నాడు. "ఒక్కరూ ఎల్లలేదు."

మెకానిక్‌ని ఏదో చెప్పి పంపేశాం. అతని కొట్టున్న ఊరే మేస్త్రీది కూడా. అందుకని ఇచ్చే ప్రసక్తే లేదు. ఇవ్వకుండా ఏం చెయ్యాలన్నది తెలియదు. కొన్నాళ్ళు ఆయన ఆ డబ్బాని గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టి, కింద తను మంచం వేసుకుని పడుకున్నాడు. నేను తగలబెట్టమన్నాను. మనుసులున్నారమ్మా అన్నాడు. గెడ్డలో పడేద్దామంటే ఏ చేపలవాడి వలలోనో తేలుతుందన్నాడు. కాఫీతోటలో పాతిపెడదామంటే అడవిపంది తవ్వుతుందన్నాడు. నాకు విసుగొచ్చి, అయితే జీవితాంతం దాని కింద పడుకోండి అన్నాను. ఆయన నిజంగానే ఆలోచించి, నేను పోయాక ఎవరు పడుకుంటారు అన్నాడు. కొట్టు తెరవడం కూడా తగ్గించాడు. పాత ఫిల్మ్ కెమెరా దుమ్ము దులిపాడు గానీ, ఎవరొచ్చి కూర్చున్నా ఆయనకి మొహాలు రావడం మానేశాయి.

అంతలో ఒక సంతరోజు, నేనూ స్టూడియోలో ఉండగా, సొనాయి నాయనమ్మ వచ్చింది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్ముకోవడానికి వచ్చినప్పుడల్లా స్టూడియోలో కాసేపు కూర్చుని సముద్రం చూసి వెళ్ళడం ఆవిడకి అలవాటు. ముక్కుకి మూడు పోగులు, నోట్లో చుట్ట, ఎక్కువ మాట్లాడదు. ఆవిడ దగ్గర ఫొటో మావయ్య ఏదీ దాచలేదు. మీ మనవరాలు ఈ డబ్బాలో ఉండిపోయింది తల్లీ, తియ్యలేకపోతన్నాను, మేస్త్రీ చేతికి దొరికితే పిల్ల ఎక్కడున్నదీ తెలిసిపోతాది అని చెప్పేశాడు. ఆవిడ చుట్ట తీసి డబ్బా వైపు చూసింది.

తర్వాత సగం తన భాషలో, సగం తెలుగులో చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే, ఆ మనిషి తిన్న కంచం, నీళ్ళు తాగిన ఆనపబుర్ర, వేసుకున్న గొడుగు పూడ్చినచోట పెట్టి వస్తారట. పెట్టేముందు కంచానికి చిల్లు పొడుస్తారట.

"సిల్లెడితే ఆ కంచం ఇంక ఆ మనిసిదే" అంది. "ఇంకెవుడూ ఎత్తుకెళ్ళలేడు, ఇంకెవుడూ తినలేడు."

బతికున్నవాళ్ళకి అలా చెయ్యొచ్చా అని ఫొటో మావయ్య భయంభయంగా అడిగాడు. ఆవిడ ఆయన్ని చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "మనిసికి కాదు కదా. కంచానికి."

ముగ్గురం సంతలోకి నడిచాం. మర్రిపాలెం వైపు నుంచి వచ్చే కమ్మరి ఒకాయన సంత చివర కొలిమి పెట్టుకుని కత్తులకీ కొడవళ్ళకీ పదును పెట్టేవాడు. డబ్బా విప్పి అందులో అసలు సంగతులన్నీ దాచే హార్డ్ డిస్క్ ఏదన్నది మెకానిక్ విప్పినప్పుడు నేను చూసే ఉన్నాను కాబట్టి, అది మాత్రం తీసి ఇచ్చాం. కమ్మరి దాని ఇనుప మూత ఊడగొట్టాడు. లోపల రెండు గుండ్రటి పళ్ళేలు. నాయనమ్మ చెప్పిన మాట అక్షరాలా అదే, కంచమే. అద్దంకన్నా నున్నగా మెరుస్తున్నాయి. ఫొటో మావయ్య ఒకదాన్ని అరచేతుల్లో పట్టుకుంటే అందులో ముందు ఆకాశం కనబడింది, తర్వాత ఆయన టోపీ, తర్వాత వంగి చూస్తున్న నాయనమ్మ ముక్కుపోగులు. అంతమంది ఉన్నచోట మేం ముగ్గురం తప్ప ఎవరూ కనబడలేదు.

కమ్మరి ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. ఫొటో మావయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఉండు అన్నాడు. సంత గోలంతా మా చుట్టూ తిరుగుతోంది. కోళ్ళు, గంటలు, బేరాలు, పొగ. ఆయన ఆ పళ్ళెం వంక అలాగే చూస్తున్నాడు. ఎవరెవర్ని తలుచుకున్నాడో, ఏ మేకపిల్ల పేరు గుర్తొచ్చిందో తెలియదు. ఒక రైలు వచ్చి వెళ్ళిపోయింది. అది దాటాక చెయ్యి వదిలేసి, ఇప్పుడు కొట్టు నాయనా అన్నాడు.

రెండు పళ్ళేలకీ చిల్లులు పొడిచి, కొలిమిలో ఆ మెరుపంతా చచ్చిపోయేదాకా ఉంచి తీశారు. నల్లగా, వంకరగా, చవకబారుగా వచ్చాయి. పూడ్చినచోట పెట్టి రావాలా అని ఆయన అడిగితే నాయనమ్మ కోప్పడింది. నా మనవరాలు బతికి ఉండగా అక్కడికెందుకు తీసుకెళ్తావు అంది. దాంతో ఆయన వాటిని జేబులో వేసుకుని స్టూడియోకి తెచ్చి, చిల్లుల్లోంచి పురికొస దూర్చి సముద్రం కింది అంచుకి కట్టేశాడు. ఇన్నేళ్ళకి సముద్రం కుదురుగా నిలబడింది. తలుపు తీసినా లేవలేదు. ఆ సాయంత్రమే నాయనమ్మని స్టూలు మీద కూర్చోబెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట "ఒచ్చీసింది" అన్న మాట విన్నాను. నాకెందుకో కళ్ళనీళ్ళు ఆగలేదు.

మేస్త్రీ మళ్ళీ వచ్చినప్పుడు నేను పిల్లలతో అక్కడే ఉన్నాను. మెకానిక్ ద్వారా విన్నాడు కాబోలు, ఫొటోలన్నీ కంప్యూటర్లో ఉన్నాయట కదా అన్నాడు. ఫొటో మావయ్య ఎంతో మర్యాదగా వంగి, సముద్రం అంచు ఎత్తి, నల్లటి పళ్ళేన్ని అతని చేతిలో పెట్టాడు. అందరూ ఇందులోనే ఉన్నారు బాబూ, ఎతుక్కో అన్నాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, చేతికంటిన మసి చూసుకుని, తెల్లచొక్కాకి తుడుచుకోలేక అలాగే చెయ్యి ఎత్తిపట్టుకుని వెళ్ళిపోయాడు. మా పిల్లలు నవ్వారు. ఫొటో మావయ్య నవ్వలేదు, ముడి మళ్ళీ గట్టిగా కట్టాడు.

తర్వాత ఆయనకి వేరే కంప్యూటర్ వచ్చింది. దానికి మాత్రం డబ్బా పక్క మూత ఎప్పుడూ తీసే ఉంచేవాడు. లోపల ఎవరైనా ఉండిపోతే గాలాడాలి కదా అనేవాడు. అది హాస్యమో నిజమో నేను తేల్చుకోకముందే నాకు కిందికి బదిలీ అయింది. సొనాయి చదువు పూర్తిచేసి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆయన పోయిన కబురు ఆ పిల్లే ఫోన్లో చెప్పింది.

ఇదంతా కొట్టులో నిలబడి నేను తలుచుకుంటుంటే కౌంటరు పెద్దమనిషి ఓపికపట్టాడు. నా డబ్బాలోనూ ఉన్నారు మరి. బడి పని ఇంటికి తెచ్చుకుని ఏళ్ళ తరబడి చేసిన దరఖాస్తులన్నీ అందులోనే. మా పిల్లల పేర్లు, ఊళ్ళు, ఎవరికి తల్లి లేదో, ఎవర్ని ఎవరినుంచి దాచామో, అన్నీ. హార్డ్ డిస్క్ తీసి ఇస్తే తప్ప డబ్బా ఇవ్వనన్నాను. ఆయన విచిత్రంగా చూసి, స్క్రూలు విప్పి, అది నా చేతిలో పెట్టాడు. కొత్త కంప్యూటర్ తర్వాత పట్టుకెళ్తానని చెప్పి, దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని తిన్నగా సొనాయి ఇంటికి వెళ్ళాను.

డ్యూటీ దిగి వచ్చి తల ఆరబెట్టుకుంటోంది. అరకు పళ్ళేల కథ నాయనమ్మ చెప్పగా విన్నదే కాబట్టి, బ్యాగ్‌లోంచి తీసి చూపించగానే ఏమిటని అడగలేదు. లోపలికెళ్ళి స్క్రూడ్రైవరు, రోకలిబండ, ఒక లావుపాటి మేకు తెచ్చింది. పెరట్లో బట్టలుతికే రాయి మీద పెట్టి మూత విప్పింది. కొలిమి లేదు కాబట్టి చేతనైనంత గట్టిగా కొట్టు అన్నాను. కొట్టే ముందు ఆ పిల్ల ఆగి, పళ్ళెంలోకి వంగి కాసేపు చూసింది. ఏం చెప్పుకుందో నాకు వినబడలేదు. తర్వాత కొట్టింది. ఒకటి కాదు, చుట్టూ వరసగా, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. చివరికి పళ్ళెం ఊడి చేతిలోకి వచ్చింది.

నాకు ఏడుపొస్తోంది. ఆయన గురించో, నా పిల్లల గురించో, మంచులో తేలే ఆ కోతిటోపీ గురించో. పమిటతో మొహం తుడుచుకుని తలెత్తేసరికి సొనాయి ఒక కన్ను మూసి, పళ్ళెంలో అన్నిటికన్నా పెద్ద చిల్లుని రెండో కంటికి ఆనించుకుని నావైపు చూస్తోంది. ఇంక చాల్లే, కింద పెట్టు తల్లీ అన్నాను.

"ఉండండి టీచర్, ఇంకా రాలేదు" అంది.

నిజమే. నా మొహం ఇంకా అరకు రైలుగేటు దగ్గరే ఉంది. ఆ పిల్ల తొందరపెట్టకుండా ఎదురుచూసింది.